వెళ్తామో లేదో తెలియని కాన్ఫరెన్స్‌కి పోస్టర్: ఎవరు నిలబడాలి, దేని మీద వేయించాలి, ఎలా రాయాలి

కాన్ఫరెన్స్‌కి పంపిన అబ్‌స్ట్రాక్ట్ (మన పని సారాంశం) యాక్సెప్ట్ అయిందని మెయిల్ వచ్చిన రోజు ల్యాబ్‌లో స్వీట్ల డబ్బా తిరుగుతుంది. వారం గడిచాక అసలు టెన్షన్ మొదలవుతుంది. వీసా టైముకి వస్తుందా? ట్రావెల్ గ్రాంట్ సంగతి ఎప్పటికి తేలుతుంది? సరిగ్గా ఆ తేదీల్లోనే పరీక్షల డ్యూటీ పడితే? ఇంట్లో పెద్దవాళ్లకి బాగోలేకపోతే? ఇవన్నీ తేలేదాకా ఆగుదాం, వెళ్లడం ఖాయమయ్యాకే పోస్టర్ చేద్దాం అని పక్కన పెట్టేస్తాం. పోస్టర్ అంటే మన పనంతా ఒక్క పెద్ద షీటు మీద వేసి, కాన్ఫరెన్స్ హాల్లో బోర్డుకి అంటించి, పక్కన నిలబడి వచ్చినవాళ్లకి చెప్పేది.

నేనూ అలాగే పెట్టాను. మిర్చి పూలలో చేరే నల్ల తామర పురుగు మీద చేసిన పని అది. 2021లో ఆ పురుగు గుంటూరు చేలని ఏం చేసిందో ఇక్కడివాళ్లకి నేను చెప్పక్కర్లేదు. కాన్ఫరెన్స్‌కి నాలుగు రోజులు ఉందనగా కూడా వీసా రాలేదు. రెండు రాత్రులు కూర్చుని పీపీటీ చేసి, ఆ ఊళ్లో చదువుకుంటున్న మా ఊరి అబ్బాయికి పంపాను. తను ప్రింట్ తీయించి, బోర్డుకి అంటించి, రెండు గంటలు పక్కనే నిలబడ్డాడు. తన చదువు కంప్యూటర్స్. ఫోటో పంపితే చూసుకున్నాను. మైక్రో గుర్తు (µ) ఉండాల్సిన ప్రతిచోటా చిన్న ఖాళీ డబ్బా. పురుగు ఫోటో కింద స్కేల్ బార్ (అసలు కొలత చూపే గీత) దగ్గర 100 అంకె పక్కన కూడా అదే డబ్బా. ఎవరో పెద్దాయన వచ్చి "ఇది ఏ రకం మిర్చి మీద చేశారు" అని అడిగితే ఆ అబ్బాయి చెప్పలేకపోయాడట. పోస్టర్ మీద నేను ఆ మాట రాయలేదు. నేను ఉంటాను కదా, నోటితో చెప్తాను అనుకుని వదిలేశాను.

అప్పటినుంచి నాది ఒకటే పద్ధతి. పోస్టర్‌ని మనం వెళ్లడం లేదు అనుకునే తయారు చేయాలి. తీరా వెళ్లగలిగితే పోయేదేమీ లేదు, పోస్టర్ పక్కన మనం కూడా ఉంటాం, అంతే. వెళ్తాం అనుకుని చేసిన పోస్టర్ మాత్రం మనం లేకపోతే మూగబోతుంది. కింద చెప్పేదంతా ఈ లెక్కలోనే.

ముందు తేల్చుకోవాల్సినవి

డిజైన్ మొదలుపెట్టకముందే నిర్వాహకులకి ఒక మెయిల్ పెట్టండి. ప్రెజెంటింగ్ ఆథర్‌ని, అంటే పోస్టర్ పక్కన నిలబడి చెప్పే మనిషిని, మార్చుకోవచ్చా, ఎప్పటిలోగా? మార్చుకుంటే ఆ వ్యక్తి కూడా పూర్తి రిజిస్ట్రేషన్ ఫీజు కట్టాలా, మనం కట్టింది సరిపోతుందా? ఎవరూ నిలబడకపోతే అబ్‌స్ట్రాక్ట్ పుస్తకంలో మన పేరు ఉంటుందా, తీసేస్తారా? సర్టిఫికెట్ ఎవరి పేరు మీద ఇస్తారు? ఈ నాలుగు అడగడానికి మొహమాటపడకండి. వీసా సంగతులు వాళ్లకి కొత్త కాదు. ముందే అడిగినవాళ్లకి చాలామంది దారి చూపిస్తారు. అడగకుండా రానివాళ్ల మీదే కోపం వస్తుంది.

రూల్స్ ఎక్కడికక్కడ వేరు. ఐఈఈఈ (ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ ఇంజనీర్ల అంతర్జాతీయ సంస్థ) కాన్ఫరెన్సుల్లో ప్రెజెంట్ చేయని పేపర్‌ని తమ ఎక్స్‌ప్లోర్ అనే ఆన్‌లైన్ లైబ్రరీలో పెట్టకుండా ఆపే హక్కు నిర్వాహకులు తమ దగ్గరే ఉంచుకుంటారు. ఇంకొన్నిచోట్ల బోర్డు మీద పోస్టర్ ఉంటే చాలు. వైద్య సదస్సుల్లో ఈ-పోస్టర్ (ప్రింట్ లేకుండా స్క్రీన్ మీద చూపించే పోస్టర్) పద్ధతి బాగా పెరిగింది. మనది ఏ కోవలోదో తెలియకుండా డబ్బు ఖర్చు పెట్టొద్దు.

రెండోది, మనకి మనం ఒక తేదీ పెట్టుకోవాలి. ఆ రోజుకి వీసా గానీ గ్రాంట్ గానీ సెలవు గానీ తేలకపోతే పోస్టర్ వేరేవాళ్ల చేతికి వెళ్లిపోవాలి. యూరప్‌లో చాలా దేశాలకి పనికొచ్చే షెంగెన్ వీసాకి ప్రయాణానికి 6 నెలల ముందు నుంచి అప్లై చేసుకోవచ్చు. మామూలుగా 15 రోజుల్లో నిర్ణయం చెప్తారు గానీ 45 రోజుల దాకా సాగే వీలుంది. కాబట్టి చివరి రోజు దాకా పాస్‌పోర్ట్ కోసం ఎదురుచూసే బదులు, కాన్ఫరెన్స్‌కి పది రోజుల ముందు ఒక గీత గీసుకోండి. దేశంలోని సదస్సుకైతే నాలుగు రోజులు చాలు. విజయవాడ స్టేషన్లో రైలెక్కితే దాదాపు ఏ పెద్ద ఊరికైనా దారి ఉంటుంది. చుట్టిన పోస్టర్ ట్యూబ్ పట్టుకెళ్లే మనిషి దొరకడం కష్టం కాదు.

పోస్టర్ పక్కన ఎవరు?

| దారి | ఎప్పుడు మంచిది | చిక్కు ఎక్కడ |
|---|---|---|
| కో-ఆథర్ నిలబడటం | పని తెలిసినవాళ్లు టీమ్‌లో ఉంటే | సర్టిఫికెట్ వాళ్ల పేరు మీద రావచ్చు |
| అదే సదస్సుకి వెళ్తున్న తెలిసినవాళ్లు | అదే సబ్జెక్టు వాళ్లయితే | వాళ్ల పోస్టర్ కూడా అదే సెషన్లో ఉండొచ్చు |
| ఈ-పోస్టర్, వీడియో | నిర్వాహకులు ఒప్పుకుంటే | చూసేవాళ్లు తక్కువ, మాటామంతీ ఉండదు |
| ఎవరూ లేకుండా అంటించడం | రూల్ ఒప్పుకుని, పోస్టర్ గట్టిగా ఉంటే | బహుమతుల జడ్జింగ్‌కి పనికిరాదు |
| వెనక్కి తీసుకోవడం | ఫలితాలు ఇంకా పచ్చిగా ఉంటే | ఆలస్యంగా చేస్తే ఫీజు పోతుంది |

కో-ఆథర్ దొరికితే ఇంక ఆలోచించక్కర్లేదు. ప్రశ్నకి జవాబు చెప్పగల మనిషి ఉంటే పోస్టర్ విలువ ఎంతో పెరుగుతుంది. సంకోచం అంతా సర్టిఫికెట్ దగ్గరే. అందుకే ఆ మాట ముందే మాట్లాడుకోవాలి. "అక్కా, నేను నిలబడతాను, కానీ నా బయోడేటాలో ప్రెజెంటర్‌గా వేసుకోవచ్చా" అని మా జూనియర్ నన్ను అడిగింది. అడిగినందుకు సంతోషించాను. వేసుకోవాల్సిందే, నిలబడింది తనే కదా. నా బయోడేటాలో నేను మొదటి ఆథర్‌ని, ప్రెజెంట్ చేసింది తను అని రాసుకున్నాను. వెళ్లని సదస్సులో ప్రెజెంట్ చేశానని రాసుకోకూడదు. ఇంటర్వ్యూలో "ఆ సెషన్ ఎలా జరిగింది" అన్న ఒక్క ప్రశ్న చాలు, మొహం చెల్లకుండా పోవడానికి.

స్నేహితుడో బంధువో అయితే వాళ్ల చేత జవాబులు చెప్పించాలని చూడకండి. మా ఊరి అబ్బాయిని నేను పెట్టిన ఇబ్బంది అదే. వాళ్ల పని అంటించడం, ఫోటో తీయడం, వచ్చినవాళ్లకి మన నంబర్ ఇవ్వడం. మహా అయితే సెషన్ టైములో వీడియో కాల్ కలపడం. దానికి టైము లెక్క చూసుకోండి. వేసవిలో జర్మనీ, ఫ్రాన్స్ మనకన్నా మూడున్నర గంటలు వెనక. అక్కడ సాయంత్రం 5కి సెషన్ అంటే ఇక్కడ రాత్రి 8:30, హాయిగా కూర్చోవచ్చు. న్యూయార్క్‌లో 5 అంటే మనకి అర్ధరాత్రి దాటి 2:30. అయినా లేచి కూర్చోవడం మంచిదే. ఒక్కరు ఆగి అడిగినా ఆ రాత్రి నిద్ర పోయిందన్న బాధ ఉండదు.

వెనక్కి తీసుకోవడం తప్పేమీ కాదు. పోస్టర్ కోసం తొందరపడి సగం ఫలితాలు బయట పెట్టేకంటే అదే గౌరవం. వెనక్కి తీసుకుంటున్నానని చెప్పడం మాత్రం తప్పనిసరి. ఖాళీ బోర్డు మీద మన పేరు, నంబర్ ఉన్న చీటీ ఒక్కటే కనిపిస్తే, ఆ పక్కనుంచి వెళ్లినవాళ్లు మన పేరుతో పాటు మన కాలేజీ పేరు కూడా గుర్తుపెట్టుకుంటారు.

దేని మీద, ఎక్కడ ప్రింట్?

ఏ0 సైజు 84.1 × 118.9 సెంటీమీటర్లు. సరిగ్గా ఒక చదరపు మీటరు. అందుకే 200 జీఎస్‌ఎం, అంటే చదరపు మీటరుకి 200 గ్రాములు తూగే కాగితం మీద వేస్తే పోస్టర్ బరువు 200 గ్రాములే. సమస్య పొడవుతోనే. చాలా ఎయిర్‌లైన్స్ కేబిన్ బ్యాగుకి పెట్టే హద్దు 55 సెంటీమీటర్లు. నిలువు ఏ0ని చుడితే ట్యూబ్ కనీసం 84 ఉంటుంది. ఎక్కువసార్లు ఏమీ అనరు. గన్నవరం ఎయిర్‌పోర్టులో అననివాళ్లు మధ్యలో మారే విమానం దగ్గర అనొచ్చు. మన కోసం మోసుకెళ్తున్న మనిషికి ఆ తలనొప్పి ఇవ్వకూడదు కదా.

కాగితం: మ్యాట్ ఫినిష్ అయితే చూపుకి ఇంతకంటే మంచిది లేదు. గ్రాఫులు, మైక్రోస్కోప్ ఫోటోలు తేటగా వస్తాయి. గ్లాసీ వద్దు, హాల్లో లైట్లు దాని మీద మెరిసి సగం పోస్టర్ కనపడదు. రైల్లో వెళ్లే సదస్సుకి, మనమో మన జూనియరో పట్టుకెళ్లేటప్పుడు కాగితమే నా ఓటు. వానాకాలం అయితే ట్యూబ్ రెండు చివరలకీ ప్లాస్టిక్ కవర్ కట్టండి.

బట్ట: పాలిస్టర్ మీద ప్రింట్ వేస్తారు. చొక్కాలాగా మడతపెట్టి బ్యాగులో పెట్టేయొచ్చు. వేరేవాళ్లతో పంపాలంటే దీనికి మించింది లేదు. ఎవరినైనా "ఒక బట్ట ముక్క పట్టుకెళ్తారా" అని అడగడం "మీటరు పొడవు గొట్టం పట్టుకెళ్తారా" అని అడగడం కన్నా తేలిక. సన్న గీతలు, చిన్న అక్షరాలు కొంచెం పలచబడతాయి. మడతలు పడితే వెనక వైపు నుంచి తక్కువ వేడి మీద ఇస్త్రీ చేస్తే పోతాయి. అన్ని షాపుల్లోనూ వేయరు, కాబట్టి వారం ముందే వాకబు చేసుకోండి.

ఫ్లెక్స్: మన దగ్గర సందుకో షాపు. చదరపు అడుగు లెక్కన చవకగా, గంటలో అయిపోతుంది. అందుకే అందరూ ముందు దీనికే వెళ్తారు. ఊళ్లో సదస్సుకైతే సరే. కానీ మామూలు ఫ్లెక్స్ రోడ్డు మీద దూరం నుంచి చూడటానికి వేసేది. అడుగు దూరంలో నిలబడి చదివే టేబుల్ అంకెలు అందులో అలుక్కుపోయినట్టు ఉంటాయి. తప్పదనుకుంటే స్టార్ ఫ్లెక్స్ గానీ వినైల్ గానీ చిన్న అక్షరాలు తేటగా వేసే ఎకో సాల్వెంట్ మెషీన్ మీద వేయమని అడగండి.

ఇక్కడ ఒక సంగతి దగ్గరగా చెప్పాలి. అరండల్‌పేటలో ఒక షాపులో కూర్చున్నాను. ఆపరేటర్ నా ఫైల్ తెరిచి, "మేడమ్, మూడు బై నాలుగు పెట్టేస్తున్నా, అందరికీ అదే" అన్నాడు. మంచి కుర్రాడు, నాకు పని త్వరగా కావాలనే అన్నాడు. మూడు అడుగులంటే 91.4 సెంటీమీటర్లు. బోర్డు వెడల్పు 90 అని కాన్ఫరెన్స్ రూల్లో ఉంది. అంటే అంచులు రెండువైపులా బయటికి వస్తాయి. అంతకంటే పెద్ద చిక్కు ఇంకోటి. ఏ0 కొలతల నిష్పత్తి మూడు బై నాలుగుది కాదు. నింపేయడానికి సాగదీస్తే అడ్డంగా దాదాపు 6 శాతం వెడల్పవుతుంది. స్క్రీన్ మీద చూస్తుండగానే నా పెట్రి డిష్‌ల గుండ్రం చెడిపోయింది. "తమ్ముడూ, సాగదీయొద్దు. 84.1, 118.9 సెంటీమీటర్లు అని టైప్ చెయ్యి, మిగిలిన తెల్ల అంచు కోసెయ్యి" అన్నాను. ఐదు నిమిషాల పని. పక్కన కూర్చోకపోయి ఉంటే సాగిన పోస్టరే చేతికి వచ్చేది. ఏ ప్రింట్ అయినా పక్కన కూర్చునే వేయించుకోండి.

సదస్సు ఊళ్లోనే ప్రింట్: మోసుకెళ్లే బాధ లేదు, చివరి రోజు దాకా దిద్దుకోవచ్చు. కొన్ని పెద్ద సదస్సులు ఫీజు తీసుకుని వేదిక దగ్గరే ప్రింట్ చేసి ఇస్తాయి. విదేశాల్లో ఖరీదు ఎక్కువే అవుతుంది, అయినా వీసా చివరిదాకా తేలనివాళ్లకి ఇదే సరైన దారి అని నా అభిప్రాయం. ఒక్క జాగ్రత్త. పీపీటీ ఎప్పుడూ పంపొద్దు. నా మైక్రో గుర్తులు పోయింది అందువల్లే. ఫాంట్లు ఎంబెడ్ చేసిన (ఫైల్లోనే ఇమిడ్చిన) పీడీఎఫ్ ఒకటి, 150 డీపీఐలో ఏ0 సైజు జేపెగ్ ఒకటి, రెండూ పంపండి. ప్రింట్ షాపుల్లో వాడే కోరల్‌డ్రాలో పీడీఎఫ్ తెరిస్తే ఒక్కోసారి అక్షరాలు మారిపోతాయి. జేపెగ్ బొమ్మ కాబట్టి అందులో ఏ అక్షరమూ మారదు.

మనం లేకపోయినా మాట్లాడే పోస్టర్

పాత పద్ధతి మూడు నిలువు వరసలు. పరిచయం, పద్ధతులు, ఫలితాలు, ముగింపు. 2019లో అమెరికాలో మైక్ మోరిసన్ అనే పీహెచ్‌డీ విద్యార్థి ఇంకో రూపం ముందుకు తెచ్చాడు. మధ్యలో పెద్ద అక్షరాల్లో అసలు ఫలితం ఒక్క వాక్యంలో, మిగతాదంతా అటూ ఇటూ సన్నటి పట్టీల్లో, ఫోన్‌తో తీసుకోవడానికి క్యూఆర్ కోడ్. నడిచిపోతూ చూసేవాళ్లకి అది బాగుంటుంది. కానీ పక్కన మనిషి లేనప్పుడు, ఆ వాక్యం చదివి ఆగినవాళ్ల తర్వాతి ప్రశ్నకి పోస్టర్ మీద చోటు సరిపోదు.

నేను రెండూ కలుపుతాను. పైన మూడో వంతు ఒక్క వాక్యానికి. కింద రెండు వరసలు, ప్రతి గ్రాఫ్ కింద రెండు మూడు పంక్తుల వివరణ. ఆ వివరణ చదివితే వేరే ఏదీ చదవకపోయినా గ్రాఫ్ అర్థమవ్వాలి. ఏ రకం, ఎన్ని మొక్కలు, ఏ ఊరి చేను, ఏ నెల. మనం నోటితో చెప్దాం అనుకునే ప్రతి ముక్కా అక్కడ ఉండాలి. అలాగని పేపర్ మొత్తం అతికించొద్దు. ఒక పని చేయండి. మన సబ్జెక్టు తెలియని స్నేహితురాలికి పోస్టర్ చూపించి, పది నిమిషాలు మనం నోరు మెదపకుండా కూర్చోవాలి. ఆమె అడిగిన మొదటి మూడు ప్రశ్నలే పోస్టర్ మీద లేనివి. వాటికి చోటు చేయండి, మిగతావి తీసేయండి.

అక్షరాలు 24 పాయింట్ల కంటే తగ్గకూడదు. చూసుకోవడానికి తేలిక మార్గం ఉంది. పోస్టర్‌ని ఏ4 కాగితం మీద ప్రింట్ తీయండి. పొడవూ వెడల్పూ నాలుగో వంతుకి వస్తాయి, 24 పాయింట్లది 6 అవుతుంది. మామూలుగా పుస్తకం పట్టుకున్నట్టు పట్టుకుని చదవగలిగితే హాల్లో కూడా చదవగలరు.

క్యూఆర్ కోడ్ నాలుగైదు సెంటీమీటర్లు ఉండాలి. అది గూగుల్ డ్రైవ్ లింక్ అయితే ఎవరైనా తెరిచేలా పర్మిషన్ మార్చారో లేదో, వేరేవాళ్ల ఫోన్‌తో చూడండి. చైనాలో సదస్సు అయితే గూగుల్ లింక్ అసలు తెరుచుకోదు. యూరప్ భౌతికశాస్త్ర పరిశోధన కేంద్రం సెర్న్ నడిపే జెనోడో వెబ్‌సైట్‌లో పోస్టర్ పెడితే ఉచితంగా డీఓఐ (శాశ్వత గుర్తింపు నంబర్) ఇస్తారు, లింక్ చెడిపోదు. క్యూఆర్ వెనక రెండు నిమిషాల ఆడియో పెట్టడం నాకు చాలా ఇష్టం. ఫోన్‌లో రికార్డ్ చేసిందే చాలు. మనం అక్కడ లేకపోయినా మన గొంతు ఉంటుంది.

మూలన మన చిన్న ఫోటో, వాట్సాప్ నంబర్ +91తో, చదువు అయిపోయాక కూడా పనిచేసే మెయిల్.

ఎవరికి ఏది

పీజీ మెడికల్ వాళ్లకి, అంటే గుంటూరు మెడికల్ కాలేజీ, విజయవాడ సిద్ధార్థ, మంగళగిరి ఎయిమ్స్ లాంటిచోట చదివేవాళ్లకి, పోస్టర్ ప్రెజెంటేషన్ చాలాచోట్ల కోర్సు నిబంధనల్లో లెక్కకొస్తుంది. మీ పేరు మీదే సర్టిఫికెట్ రావాలి. కాబట్టి వేరేవాళ్లని నిలబెట్టొద్దు. డ్యూటీ వల్ల వెళ్లలేని అనుమానం ఉంటే మొదటినుంచీ ఈ-పోస్టర్ ఉన్న సదస్సునే ఎంచుకోండి. పేషెంట్ ఫోటో ఉంటే అనుమతి పత్రం, మొహం కనపడకుండా చూడటం మర్చిపోకండి. మీరు లేనిచోట ఆ ఫోటోని ఎవరెవరు తీసుకెళ్తారో మీకు తెలియదు.

నాగార్జున యూనివర్సిటీలోనో లాం వ్యవసాయ విశ్వవిద్యాలయంలోనో పీహెచ్‌డీ చేస్తూ విదేశీ సదస్సుకి వెళ్లాలనుకునేవాళ్లకి నా సలహా: కో-ఆథర్‌కి ముందే చెప్పి ఉంచండి, పీడీఎఫ్ సిద్ధంగా ఉంచుకోండి, ప్రింట్ మాత్రం అక్కడే. ఇక్కడ ప్రింట్ వేయించిన ట్యూబ్ అలమరా మీద దుమ్ము పట్టడం చూస్తే మనసుకి కష్టంగా ఉంటుంది.

డిగ్రీ కాలేజీ లెక్చరర్లకి సెలవే సమస్య. బట్ట మీద ఒకటి వేయించుకోండి. ఈసారి వెళ్లలేకపోతే వచ్చే సదస్సుకీ, మన కాలేజీ సైన్స్ డేకీ పనికొస్తుంది.

పేటెంట్ ఆలోచన ఉన్నవాళ్లు అప్లికేషన్ వేసేదాకా పోస్టర్ ఎక్కడా పెట్టకండి, జెనోడోలో అసలు వద్దు. యూరప్‌లో ముందే బయటపెట్టిన దానికి పేటెంట్ దక్కించుకోవడం దాదాపు అసాధ్యం.

చేతికి ఇచ్చేటప్పుడు

మోసుకెళ్లేవాళ్లకి పోస్టర్‌తో పాటు ఒక కవర్ ఇవ్వండి. అందులో పోస్టర్ నంబర్, సెషన్ టైము, అంటించాల్సిన, తీసేయాల్సిన గంటలు రాసిన చీటీ, పిన్నులు, వెల్క్రో ముక్కలు, పోస్టర్ ఏ4 కాపీలు పదిహేను. తిరిగి తేవాల్సిన పని లేదని కూడా చెప్పేయండి, వాళ్లకి ఎంత భారం తగ్గుతుందో.

ఇంకొకటి, ఖాళీ చీటీలు, పెన్ను, ఒక చిన్న కవరు. "నేను రాలేకపోయాను. మీ ప్రశ్న రాసి ఇందులో వేయండి, తప్పక జవాబు రాస్తాను" అని సదస్సు భాషలో రాసి కవరు మీద అంటించండి. రెండోసారి నా పోస్టర్‌తో మా జూనియర్ వెళ్లినప్పుడు ఆ కవరులో నాలుగు చీటీలు వచ్చాయి. ఒకదాని మీద మెయిల్ అడ్రస్, దాని కింద ఒకే ఒక్క ప్రశ్న, పూత ఏ దశలో ఉండగా లెక్కపెట్టారు అని. ఆ రాత్రే జవాబు రాశాను. ఇప్పటికీ ఏటా పంట పూతకి వచ్చే వేళకి ఆయనా నేనూ పురుగు లెక్కలు పంపుకుంటూనే ఉన్నాం.